బాపు బండికి ఎవరి ఇంజిన్?

నర్సాపూర్ దాటి కొల్చారం వైపు వస్తున్నా. ఆదివారం పొద్దున, రోడ్డు ఖాళీ. నాలుగో గేరులో బండి పాడుతోంది. ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఆ శబ్దం గురించి నేను చెప్పక్కర్లేదు, నడపనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఉన్నట్టుండి ఆ పాటలో ఏదో గీరుకున్నట్టయింది. ఒక్క సెకను ఇంజిన్ బరువెక్కింది. మరు సెకను వెనక చక్రం బిగుసుకుపోయింది. చెయ్యి దానంతటదే క్లచ్ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకుంటే ఇదంతా ఆస్పత్రి మంచం మీద రాస్తుండేవాణ్ని.

బండిని పక్కకు తోసి కిక్ కొడితే కిక్ దిగలేదు. బండరాయిని తన్నినట్టుంది. మెదక్ దాకా ట్రాలీ ఆటోలో తెచ్చా. రాందాస్ చౌరస్తా దగ్గర దింపుతుంటే పది మంది మూగారు. "ఎంతకిస్తవు తమ్మీ?" అని ఇద్దరు అడిగారు కూడా. చచ్చిన బండికి బేరం రావడం ఇంకే బండి విషయంలోనూ నేను చూడలేదు.

మెకానిక్ అన్న బండిని చూడకముందే నన్ను చూశాడు. "ఆయిల్ కలిపినవా?" అన్నాడు.

అక్కడే దొరికిపోయా. ఇది టూ స్ట్రోక్ బండి. మామూలు బైక్‌లో ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండి అన్నిటికీ అందుతుంది. ఇందులో పిస్టన్‌కూ క్రాంక్‌కూ అందేది పెట్రోల్‌తో పాటు వెళ్లే టూటీ ఆయిలే. కంపెనీ దీనికి ఆటోల్యూబ్ అని ఒక చిన్న పంపు ఇచ్చింది, అది ఆయిల్‌ను తనే కొలిచి పంపుతుంది. పాతబడ్డాక పంపు మీద నమ్మకం పోయి, చాలామంది దాన్ని మూసేసి ట్యాంకులోనే ఆయిల్ కలుపుతుంటారు. నేనూ అదే పని చేయించా. లీటరుకు 30 మిల్లీలీటర్లు కలపమన్నాడు అన్న. ఆ ఆదివారం హడావిడిలో 300 రూపాయల పెట్రోల్ కొట్టించుకున్నా, ఆయిల్ మర్చిపోయా. అల్యూమినియం పిస్టన్ వేడికి ఉబ్బుతుంది. ఇనుప బోరు అంత ఉబ్బదు. మధ్యలో ఆయిల్ పొర లేకపోతే రెండూ కరుచుకుంటాయి. దాన్నే మన దగ్గర 'పట్టేసింది' అంటారు.

రెండు రోజుల తర్వాత అన్న ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇంజిన్ విప్పి గోనెసంచి మీద పరిచి పెట్టాడు. పిస్టన్ ఒక పక్కంతా గీతలు. బోరు అప్పటికే ఆఖరి సైజు దాకా కోసి ఉంది, ఇక కోయడానికి గోడ లేదు. కనెక్టింగ్ రాడ్ పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే టక్ టక్ మంటోంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖర్న చూపించాడు. మెకానిక్‌లు చాంబర్ అనే క్రాంక్ కేసు అడుగున సన్నటి పగులు. దాని మీద ఎవరో ఎప్పుడో ఎంసీల్ రాసి, పైన సిల్వర్ రంగు కొట్టారు.

"ఇది నువ్ చేసింది కాదు. చాన పాతది" అన్నాడు.

"ఇప్పుడెట్లనే అన్నా?"

"రెండే తొవ్వలు. ఇదే బాగు చేస్తే కొత్త లైనర్, పిస్టన్, క్రాంక్ పని, పగులుకు ఆర్గాన్ వెల్డింగ్. ఇరవై వేలు దాటుతది, గ్యారంటీ ఇయ్యను. లేదంటే సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెచ్చుకో, సగం రోజుల ఎక్కిస్త."

ఆ రెండో మాట దగ్గర మొదలైంది నా తిప్పలు. నెలన్నర పట్టింది ఒక నిర్ణయానికి రావడానికి.

పాత ఇంజిన్‌కు ఇంత గిరాకీ ఎందుకు?

కుర్రాళ్లలో చాలామందికి ఆర్ఎక్స్ 100 అంటే 2018లో వచ్చిన అజయ్ భూపతి సినిమానే గుర్తొస్తుంది. బండి దానికన్నా 30 ఏళ్లకు పైగా పెద్దది. యమహా సాంకేతిక సహకారంతో ఎస్కార్ట్స్ కంపెనీ 1985లో దీన్ని మన దేశంలో తెచ్చింది. అంతకుముందు అదే జోడీ తెచ్చిన రాజ్‌దూత్ 350 పెట్రోల్ తాగుడుకు జనం భయపడ్డారు. ఇది చిన్నది. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 50 మిల్లీమీటర్లు, మొత్తం 98 సీసీ. 11 హార్స్ పవర్. ఇవాళ్టి లెక్కలో 11 అంటే నవ్వొస్తుంది కానీ, బండి బరువు కూడా అంత తక్కువే. అందుకే సిగ్నల్ దగ్గర పెద్ద బండ్లవాళ్లు కూడా దీన్ని ఓ కంట కనిపెట్టుకుని ఉండేవాళ్లు. పొగ మీద ఆంక్షలు బిగుస్తున్న 1996లో ఉత్పత్తి ఆగిపోయింది.

అంటే ఈ రోజు రోడ్డు మీద కనిపించే ప్రతి ఆర్ఎక్స్ 100 వయసూ 29 ఏళ్ల పైమాటే. కొత్త ఇంజిన్ ఎక్కడా దొరకదు. పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు బయటి కంపెనీలవి దొరుకుతాయి. చాంబర్ మాత్రం దొరకదు. అది కావాలంటే ఇంకో బండి చావాలి. ఇంకో బండి ఎలా చచ్చిందన్నదే అసలు ప్రశ్న అని నాకు తర్వాత తెలిసింది. ప్రమాదంలోనా, తుప్పు పట్టా, లేక ఎవరో ఇంటి ముందు తాళం వేసి పెట్టుకున్నది తెల్లారేసరికి మాయమయ్యా?

స్నేహితులు తలా ఒక సలహా ఇచ్చారు. "ఆర్ఎక్స్ 135 ఇంజిన్ ఎక్కించురా, ఐదు గేర్లది, లేచిపోతది" అని ఒకడు. "ఆ డబ్బుకు కొత్త బండి డౌన్ పేమెంట్ వస్తది" అని ఇంకొకడు. రెండోవాడి మాటలో తప్పులేదు. లెక్క వేస్తే వాడిదే కరెక్ట్. కానీ ఆ బండి మీద మా బాపు 1994 నుంచి కరెంటు స్తంభాలెక్కడానికి ఊరూరా తిరిగాడు. పాపన్నపేట, హవేలీ ఘన్‌పూర్, శంకరంపేట... ముందు ట్యాంకు మీద నేను, వెనక నిచ్చెన తాడు. లైన్‌మన్ కొడుకుగా నా చిన్నతనమంతా ఆ పెట్రోల్ ట్యాంకు మీదే గడిచింది. దాన్ని డౌన్ పేమెంట్‌తో పోల్చడం నా వల్ల కాలేదు.

నాకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. పాత స్పోర్ట్స్ కార్ల వీడియోలు చూసీ చూసీ 'మ్యాచింగ్ నంబర్స్' అనే పిచ్చి పట్టింది. అమెరికాలో పాత కార్వెట్ కొనేవాడు ముందు బానెట్ ఎత్తి, ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన అంకెలు బాడీ నంబర్‌తో కలుస్తున్నాయా అని చూస్తాడు. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఉన్న ఇంజినే ఇప్పటికీ ఉంటే ఒక ధర, మారితే ఇంకో ధర. ఆ తేడా ఎంత పెద్దదంటే, పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టే మోసగాళ్లు అక్కడా ఉన్నారు. ఫెరారీ అయితే తన పాత కార్లు అసలువేనని సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏకంగా ఒక విభాగమే నడుపుతోంది. మనది ఫెరారీ కాదు, సరే. కానీ బాపు బండిలో బాపు ఇంజినే ఉండాలి అనుకునేవాణ్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని సంగతి ముందుంది.

హైదరాబాద్‌లో మొదటి ఇంజిన్

పాత సామాన్లంటే మన వైపు ఎవరైనా హైదరాబాదే పొమ్మంటారు. ఓ గురువారం సెలవు పెట్టి మెకానిక్ అన్నను వెంటబెట్టుకుని పొద్దున బస్సెక్కా. ఎవరి దుకాణమో, ఏ గల్లీనో చెప్పను. ఒక చిన్న షెడ్డు, లోపల గోడ వారగా పేర్చిన ఇంజిన్లు. వాటిలో మాది ఒకటి, కిరోసిన్‌తో కడిగి తళతళలాడించి పెట్టారు. ధర 24 వేలు.

"ఆంఖ్ బంద్ కర్కే లేలో భాయ్" అన్నాడు అమ్మేవాడు. కళ్లు మూసుకుని తీసుకోమన్నాడు. అన్న మాత్రం జేబులోంచి టార్చి తీశాడు.

ఆ అరగంటలో నేను నేర్చుకున్నది ఏ వీడియోలోనూ దొరకలేదు. ముందు ఆయన స్పార్క్ ప్లగ్ విప్పి, మ్యాగ్నెట్ ఉన్న పక్క కవరు తీయించాడు. మ్యాగ్నెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు. కదిలితే క్రాంక్ బేరింగులు పోయినట్టు. కదల్లేదు. తర్వాత దాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. పిస్టన్ కదలకముందే లోపల టక్ మంటే కనెక్టింగ్ రాడ్ అరిగినట్టు. అదీ లేదు. ప్లగ్ మళ్లీ బిగించి కిక్ రాడ్‌ను చేత్తో నొక్కించాడు, మంచిగా ఎదురు తన్నింది. గేర్ లివర్‌తో నాలుగు గేర్లూ వేసి తీశాడు.

ఆ తర్వాత చేసిన పని నాకు బాగా నచ్చింది. సైలెన్సర్ బిగించే రంధ్రంలోకి టార్చి కొట్టి, "ఇట్ల చూడు" అన్నాడు. ఈ టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆ రంధ్రానికి వాల్వు ఉండదు. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ రంధ్రం తెరుచుకుంటుంది, పైకెక్కినప్పుడు పిస్టన్ గోడే దాన్ని మూస్తుంది. అంటే హెడ్ విప్పకుండానే పిస్టన్ ముఖం చూడొచ్చన్నమాట. ఎంత పాలిష్ కొట్టినా అక్కడ దాచలేరు. నిలువు గీతలుంటే ఆ ఇంజిన్ ఒకసారి పట్టేసినట్టే. ఈ ఇంజిన్ పిస్టన్ అద్దంలా ఉంది.

నా చెయ్యి అప్పటికే ఫోన్‌పే మీదకు పోయింది. 24 వేలకు ఇంత మంచి ఇంజిన్! అన్న మాత్రం చివరి పని మిగిలిందన్నట్టు గుడ్డకు కాస్త పెట్రోల్ అద్ది, చాంబర్ మీద నంబర్ ఉన్న చోట తుడిచాడు. తుడిచి, ఏం మాట్లాడకుండా టార్చి పక్కవాటుగా పట్టుకున్నాడు. అట్ల పట్టుకుంటేనే కనిపిస్తుంది. చుట్టూ ఉన్న అల్యూమినియం గరుకుగా, అచ్చులో పోసిన తీరుగా ఉంది. నంబర్ ఉన్న పట్టీ మాత్రం నున్నగా, కాస్త లోతుగా ఉంది. అంకెలు ఒక వరుసలో లేవు. రెండు అంకెలు లోతుగా దిగితే మిగతావి తేలిపోయాయి.

"పేపర్లున్నయా?" అని అడిగాడు అన్న.

"ఇంజిన్‌కు పేపర్లేంది భాయ్? కావాల్నంటే మీ ఆర్సీల ఉన్న నంబరే కొట్టిస్త. ఐదు నూర్లు ఎక్కువ."

ఐదు వందలకు నా మ్యాచింగ్ నంబర్స్ కల నెరవేరేది! బయటికొచ్చాక చాయ్ తాగుతూ ఒక ఐదు నిమిషాలు నిజంగానే ఆలోచించా, అబద్ధమెందుకు. ఎవరు చూస్తారు? మెదక్‌లో మన బండిని ఆపేదెవరు? "నేనైతే అది ఎక్కియ్య. ఇంకోన్ని చూస్కో" అన్నాడు అన్న గ్లాసు కింద పెడుతూ. గిరాకీ పోగొట్టుకుంటూ ఆ మాట అన్న మనిషిని చూశాక నాకూ సిగ్గేసింది.

చట్టం సంగతి తిరిగొచ్చాక చదివా. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 బండిలో మార్పుల గురించి చెబుతుంది. ఇంజిన్ మార్చాలంటే ముందు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా మారిస్తే 14 రోజుల్లోపు తెలియజేసి, ఆర్సీలో నమోదు చేయించాలి. 2019 సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కూడా, ఆర్సీలో ఉన్నదానికి, కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదని చెప్పింది. 135 ఇంజిన్ ఎక్కించమన్న స్నేహితుడికి ఆ తీర్పు వార్త ఫార్వర్డ్ చేశా. బ్లూ టిక్ వచ్చింది, జవాబు రాలేదు.

నంబర్ కొట్టించడం వేరే లోకం. అది మార్పు కాదు, మోసం. ఆ ఇంజిన్ దొంగ సొత్తని తెలిసీ, లేదా నమ్మడానికి కారణం ఉండీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అరగదీసిన నంబర్ కళ్లారా చూశాక 'నాకు తెలియదు' అనడానికి ఏం మిగిలింది? చాలామందికి తెలియని ఒక సంగతి చెబుతా. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే 'వాహన్ సమన్వయ్' అనే ఆన్‌లైన్ సేవలో ఇంజిన్ నంబర్ కొట్టి, అది పోయిన బండ్ల జాబితాలో ఉందేమో చూసుకోవచ్చు. డబ్బులు కట్టే ముందు చేయాల్సిన పని అది. అయితే నంబరే అరగదీస్తే ఏ జాబితా ఏం చెప్తుంది?

ఇంజిన్ అంటే చట్టం దృష్టిలో ఆ నంబర్ ఉన్న చాంబరే అన్నది కూడా అప్పుడే అర్థమైంది. బోరు, పిస్టన్, క్రాంక్ ఎన్నిసార్లు మార్చినా ఇంజిన్ మారినట్టు కాదు. కాబట్టి సొంత చాంబర్‌కే వెల్డింగ్ చేయించి, లోపలి సామాను మార్చుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఖర్చెక్కువైనా అదే చేద్దామని నిశ్చయించుకున్నా. బాపు ఇంజిన్ బాపు దగ్గరే ఉంటుంది. ఆ సంతోషంలో బీరువాలోంచి పాత ఆర్సీ తీశా.

ఆర్సీలో ఉన్నది ఒకటి, చాంబర్ మీద ఉన్నది ఇంకొకటి

ఏపీ 23 సిరీస్, 1994. ఛాసిస్ నంబర్ కలిసింది. ఇంజిన్ నంబర్ కలవలేదు. ఒకటి రెండు అంకెలు కాదు, అసలు పోలికే లేదు. మెకానిక్ షెడ్డులో ఫోన్ లైటు వేసుకుని మూడుసార్లు చదివా. నంబర్ నీటుగానే ఉంది, ఎవరూ అరగదీయలేదు. కానీ అది మా ఆర్సీది కాదు. ఆర్సీ వెనక్కి తిప్పితే ఇంకో సంగతి. గడువు 2009తో ముగిసింది. రెండేళ్లుగా నేను దర్జాగా తిరుగుతున్నది రిజిస్ట్రేషన్ అయిపోయిన బండి మీద. లైఫ్ ట్యాక్స్ కట్టాం కదా అనుకుని ఒక్కరోజు కూడా ఆ తేదీ చూడలేదు. అది పూర్తిగా నా బుద్ధితక్కువే.

రాత్రి అన్నం తిన్నాక అడిగా. "బాపూ, బండి ఇంజిన్ ఎప్పుడన్న మార్పిచ్చినవా?"

టీవీ సౌండ్ తగ్గించాడు. చాలాసేపు రిమోట్ వంకే చూశాడు. "మీ అమ్మకు గూడ ఎర్కలే" అన్నాడు.

2003 శివరాత్రి. ఏడుపాయల జాతర డ్యూటీ. రాత్రి పోతుంటే దారిలో రాడ్ విరిగి చాంబర్‌ను పగలగొట్టుకుని బయటికొచ్చింది. జాతరలో లైటు పోతే జనం తొక్కుకుంటారు, బండి చెట్టు కింద పడేసి ఎవరిదో లారీ ఎక్కి పోయాడు. మూడు రోజుల జాతర అయ్యాక చిట్టీ డబ్బులెత్తి ఒక పాత ఇంజిన్ కొన్నాడు. పాతదాన్ని దానికిందే ఇచ్చేశాడు. కాగితాలు అడగలేదు. వాళ్లు ఇవ్వలేదు. "తెచ్చిన నాడే కింద ఆయిల్ కారింది. పోయి అడిగితే ఎంసీల్ పెట్టుకోమన్నరు."

ఆ సిల్వర్ రంగు కొట్టింది బాపే!

"మరి 2009ల రెన్యువల్ ఎందుకు చేపియ్యలే?"

"బండి సూపియ్యాలె గద బిడ్డా. సూస్తే నంబర్ కలవదు. సర్కారు నౌకరి చేసుకుంట దొంగ ఇంజిన్ పెట్టుకున్నవా అంటే ఏం చెప్పాలె?"

మోకాళ్ల నొప్పులని చెప్పి బాపు బండి ఎందుకు మానేశాడో నాకు అప్పుడు తెలిసింది. మోకాళ్లు నొప్పే, అది నిజమే. కానీ ఆ తర్వాత స్కూటీ కొనుక్కుని పదేళ్లు తిరిగాడుగా! ఇష్టమైన బండిని షెడ్డులో పెట్టి, దాని మీద పాత దుప్పటి కప్పి, ఎవరైనా అమ్ముతవా అంటే కసురుకుని... అమ్మితే కొన్నవాడు నంబర్ చూస్తాడన్న భయం కూడా అందులో ఉందేమో. నేనే వెర్రివాడిలా ఆ దుప్పటి తీసి, రంగులేయించి, ఇన్‌స్టాలో రీల్ పెట్టి ఊరంతా చూపించా.

ఆ రాత్రే బాపు ముందు కూర్చుని ఆ ఇంజిన్ నంబర్ వాహన్ సమన్వయ్‌లో కొట్టా. ఫోన్ లోడవుతున్నంతసేపు ఇద్దరం మాట్లాడలేదు. రికార్డు లేదని వచ్చింది. అది దొంగది కాదనడానికి రుజువు కాదు, దొంగదని రికార్డుల్లో లేదు, అంతే. బాపుకు అదే చాలు. లేచి నీళ్లు తాగొచ్చి, మళ్లీ ఒకసారి కొట్టమన్నాడు.

లెక్క మొత్తం తలకిందులైంది. సొంత ఇంజిన్ బాగు చేయించడం సురక్షితమైన తొవ్వ అనుకున్నా, అదే కాగితాల్లేనిది. ఇరవై వేలు పెట్టి దాన్ని బతికించినా రెన్యువల్‌కు తీసుకుపోలేను. రెన్యువల్ లేకుండా తిరిగితే ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? పాత బండ్లకు ప్రత్యేక హోదా ఇచ్చే వింటేజ్ రూల్స్ 2021లో వచ్చాయి కానీ, వాటికి 50 ఏళ్లు నిండాలి. మా బండికి 2044లో నిండుతాయి. పైగా అక్కడ కూడా ఇంజిన్ అసలుది ఉండాలనే అంటారు.

కాబట్టి కాగితాలున్న వేరే ఇంజిన్ కొని, ముందు అనుమతి తీసుకుని ఎక్కించడం ఒక్కటే దారి.

అది దొరకడానికి నాలుగు వారాలు పట్టింది. సిద్దిపేట వైపు ఒక రిటైర్డ్ పంతులుగారి బండి. లారీ గుద్దితే ఫ్రేమ్ వంకర పోయింది, ఆయన అదృష్టం కొద్దీ బండి మీద లేరు. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని సెక్షన్ 55 చెబుతుంది. లోకంలో ఎవరూ పాటించని ఆ రూలును ఆయన పాటించారు. రద్దు ఉత్తర్వు, పాత ఆర్సీ జిరాక్స్, కొన్ననాటి బిల్లు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు. ఇంజిన్ నంబర్ అన్నిట్లోనూ ఒకటే. చాంబర్ మీద టార్చి అడ్డంగా కొట్టి చూశాం. అచ్చులో పోసిన గరుకుదనం మీద, ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలు, ఒకే వరుసలో.

ఇంజిన్ మాత్రం హైదరాబాద్‌ది అంత బాగాలేదు. రాడ్ కొంచెం ఆడుతోంది. సైలెన్సర్ రంధ్రంలోంచి చూస్తే రెండు సన్నటి గీతలు. 36 వేలు అడిగారు. "సార్, క్రాంక్ పనికి ఇంకో ఐదారు వేలైతయి" అని అన్న ఉన్నదున్నట్టు చూపించాడు. పంతులుగారు టార్చి తీసుకుని ఆ గీతలను తనే వంగి చూశారు. 31 వేలకు తెగింది. మెరిసే ఇంజిన్ 24కు వదిలి, అరిగిన ఇంజిన్‌ను 31కి కొన్నామని స్నేహితులు ఇప్పటికీ నవ్వుతున్నారు. ఆ ఏడు వేలు దేనికి కట్టానో నాకు తెలుసు. తెల్ల కాగితం మీద అమ్మకం రాసి, సంతకం పెట్టి, తన ఆధార్ జిరాక్స్ ఇచ్చారాయన. నేను అడగకముందే.

మిగిలింది అసలు పని. ఆర్సీ బాపు పేరు మీద ఉంది, దరఖాస్తు కూడా ఆయనే పెట్టాలి. అందులో పాత ఇంజిన్ నంబర్ ఎందుకు కలవడం లేదో చెప్పాలి. నేను ల్యాప్‌టాప్‌లో చక్కగా టైపు చేసి ప్రింట్ తెచ్చా. 'పొరపాటున', 'తెలియక' అని రెండు మూడు చోట్ల పెట్టా. బాపు దాన్ని వారం రోజులు టీవీ మీదే ఉంచాడు. ముట్టుకోలేదు. అమ్మకు సంగతి అప్పటికి తెలిసింది. "ఇరవై రెండేండ్ల కింద చిట్టీ పైసలు ఏడికి పోయినయో ఇప్పుడు ఎర్కైంది" అని మాత్రం అంది. బాపుకు ఆ ఒక్క మాట జరిమానా కన్నా గట్టిగా తగిలింది.

ఎనిమిదో రోజు పొద్దున లేచేసరికి బాపు కళ్లజోడు పెట్టుకుని, రూళ్ల కాగితం మీద తన చేతిరాతతో రాస్తున్నాడు. 2003లో మహాశివరాత్రి డ్యూటీకి పోతుండగా నా బండి ఇంజిన్ పగిలిపోయినందున, వేరే ఇంజిన్ కొని బిగించుకున్నాను. ఈ విషయం ఆఫీసుకు తెలుపలేదు. ఇట్లు... 'పొరపాటున' లేదు, 'తెలియక' లేదు. కింద సంతకం, దాని కింద లైన్‌మన్, రిటైర్డ్ అని.

ఇద్దరం కలిసి పోయి ఇచ్చొచ్చాం. బండిని, పాత ఇంజిన్‌ను, కొత్త ఇంజిన్‌ను, అన్నిటినీ చూపించాల్సి ఉంటుందన్నారు. మార్పుకు జరిమానా పడొచ్చు. రెన్యువల్ ఫీజు వేరే, 20 ఏళ్లు దాటిన బైక్‌లకు 2025 ఆగస్టు నుంచి అది 2,000 రూపాయలు. ఆలస్యానికి అదనం వేరే. మొత్తం కలిపితే నా కొత్త బండి స్నేహితుడు గెలిచినట్టే. ఇంకా అనుమతి రాలేదు. వచ్చేదాకా ఎక్కించనని మెకానిక్ అన్న భీష్మించుకున్నాడు, నేనూ తొందరపెట్టలేదు. ఆటోల్యూబ్ పంపు మాత్రం కొత్తది తెప్పించి పెట్టా.

పంతులుగారి ఇంజిన్ ఇప్పుడు మా వరండాలో గోనెసంచి మీద ఉంది. రోజూ సాయంత్రం బాపు దాని పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. కిరోసిన్ గుడ్డతో ఫిన్నుల మధ్య మట్టి తీస్తాడు. నంబర్ పట్టీ దగ్గరికొచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, ఆర్సీ జిరాక్స్ చేతిలో పట్టుకుని ఒక్కో అంకే పైకి చదువుతాడు. నిన్న కూడా చదివాడు. అన్నీ కలిశాయి.